సగం విమానం కొనేముందు

అమెరికాలో పాత చిన్న విమానాన్ని అమ్మకానికి పెట్టేవాళ్లు ప్రకటనలో ముందుగా మూడు అంకెలు వేస్తారు. ఉదాహరణకు 1975, 4200, 1500. మొదటిది తయారైన సంవత్సరం. రెండోది ఆ విమానం ఇంతవరకు ఎగిరిన మొత్తం గంటలు. మూడోది ఓవర్‌హాల్ (ఇంజిన్‌ను పూర్తిగా విప్పి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి బిగించడం) చేయించాక ఇంజిన్ నడిచిన గంటలు. కార్లు కొని అలవాటైన మనం ఈ అంకెలను కారు లెక్కలోనే చదువుతాం. యాభై ఏళ్లనాటిదని భయపడతాం. తక్కువ తిరిగిందంటే సంబరపడతాం. విమానం విషయంలో ఈ రెండూ పొరపాటే. ఆ పొరపాటు ఎక్కడుందో అర్థమైతే, విమానాన్ని ఒక్కరే కొనడం కంటే మరొకరితో కలిసి కొనడం ఎందుకు మేలో కూడా అర్థమవుతుంది.

ముందు వయసు సంగతి. ఈ తరగతిలో అందరికీ తెలిసిన సెస్నా 172నే తీసుకుందాం. నాలుగు సీట్లు, ముక్కు దగ్గర ఒకే ఇంజిన్, కిటికీల పైన రెక్కలు. 1955లో తొలిసారి ఎగిరింది. ఇంతవరకు 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంతకంటే ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం మరొకటి లేదు. అయితే 1986లో కంపెనీ వీటి తయారీ ఆపేసింది. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట అమ్మిన విమానం కూలినా తయారీదారు మీద నష్టపరిహారం దావాలు పడేవి. ఆ భారం కొత్త విమానం ధర మీద పడేది. 1994లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. 18 ఏళ్లు దాటిన చిన్న విమానం విషయంలో, కొన్ని మినహాయింపులు తప్ప, తయారీదారు మీద దావా వేయడం కుదరదని అందులో పెట్టింది. ఆ తర్వాత 1996లో తయారీ మళ్లీ మొదలైంది. మధ్యలో పదేళ్లు ఖాళీ. అందుకే మధ్యతరగతి ఉద్యోగి చేతికందే 172లలో ఎక్కువ భాగం 1960, 70 దశకాలవే.

అంత పాతది ఎగురుతుందా? ఎగురుతుంది. విమానానికి వయసు కంటే తనిఖీ ముఖ్యం. ప్రతి 12 నెలలకోసారి వార్షిక తనిఖీ తప్పనిసరి. దాన్ని మామూలు మెకానిక్ కాకుండా, తనిఖీ అధికారం కూడా పొందిన మెకానిక్ చేసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. సంతకం గడువు దాటితే విమానం నేల మీదే. దీనికి తోడు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌లు (ఫలానా లోపాన్ని ఫలానా గడువులోగా చూసి సరిచేయాలన్న తప్పనిసరి ఆదేశాలు) ఇస్తుంటుంది. 2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర ఒక పైపర్ శిక్షణ విమానం రెక్క గాలిలోనే విరిగి ఊడిపోయింది. ఇద్దరు మరణించారు. రెక్కను మోసే దూలంలో బోల్టు రంధ్రం దగ్గర లోహం అలసి చిట్లిందని తేలింది. తర్వాత ఆ కోవకు చెందిన పాత పైపర్ విమానాలలో ఆ రంధ్రాలను పరీక్షించాలని ఎఫ్‌ఏఏ ఆదేశించింది.

172లో ఇలాంటిదే ఒకటి దగ్గరగా చూద్దాం. పైలట్ సీటు కింద రెండు పట్టాలుంటాయి. పట్టాలో వరుసగా రంధ్రాలు. సీటును ముందుకో వెనక్కో జరిపినప్పుడు ఒక పిన్ను ఏదో ఒక రంధ్రంలో దిగి సీటును పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి వాడకంలో గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. పిన్ను సరిగా కూర్చోదు. టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే సీటు జారి వెనక్కి పోతుంది. చేతిలో ఉన్న కంట్రోలును పైలట్ అసంకల్పితంగా తనతోపాటు వెనక్కి లాగేస్తాడు. ముక్కు ఇంకా పైకి లేచి వేగం పడిపోతుంది. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు అది ప్రాణాంతకం. ఈ పట్టాల అరుగుదల చూడాలన్న ఆదేశం 1987 నుంచి ఉంది. కొనేముందు సీటు వెనక్కి జరిపి, వంగి, టార్చిలైటు వేసి ఆ రంధ్రాలు చూడండి. పాత యజమాని విమానాన్ని ఎలా చూసుకున్నాడో అవే చెబుతాయి.

ఇప్పుడు గంటల సంగతి. ఇదే అసలు విషయం.

172లలో చాలావాటికి లైకమింగ్ కంపెనీ ఇంజిన్ ఉంటుంది. వాటిలో చాలా రకాలకు ఓవర్‌హాల్ మధ్య 2000 గంటలు, లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది అని కంపెనీ సూచిస్తుంది. సొంతానికి నడుపుకునే యజమానికి ఇది సూచనే తప్ప నిర్బంధం కాదు. అందుకే ఓవర్‌హాల్ జరిగి పాతిక ముప్పై ఏళ్లయిన ఇంజిన్‌లు కూడా అమ్మకానికి వస్తాయి. పక్కపక్కన రెండు విమానాలున్నాయి అనుకుందాం. ఒకదాని ఇంజిన్‌కు 1995లో ఓవర్‌హాల్ అయింది, అప్పటి నుంచి 600 గంటలే నడిచింది. రెండోదానికి 2016లో అయింది, 1700 గంటలు నడిచింది. కొత్తవాడి చెయ్యి మొదటిదాని వైపే వెళుతుంది. అనుభవమున్న మెకానిక్ మాత్రం మొదటిదాన్నే ఎక్కువ అనుమానంగా చూస్తాడు.

కారణం ఇంజిన్ అమరికలో ఉంది. లైకమింగ్ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ (సిలిండర్ కవాటాలను తెరిచే కడ్డీ) పైభాగంలో ఉంటుంది. నడుస్తున్నంతసేపూ నూనె చింది దాని మీద పడుతుంది. ఆపి వారాల తరబడి వదిలేస్తే నూనె కిందికి జారిపోతుంది. లోపల మిగిలిన తేమ ఆ ఉక్కును తింటుంది. కంటికి ఆననంత చిన్న తుప్పు గుంట చాలు. మళ్లీ ఇంజిన్ తిరిగినప్పుడు ఆ గుంట అంచుల నుంచి లోహం పెచ్చులు లేవడం మొదలవుతుంది. దాన్ని మార్చాలంటే ఇంజిన్ గుల్లనే రెండుగా విడదీయాలి. చిన్న మరమ్మతుతో పోయేది కాదు.

అప్పుడప్పుడూ వచ్చి పది నిమిషాలు నేల మీదే ఇంజిన్ తిప్పితే చాలదా అని అడుగుతారు. చాలదు సరికదా, హాని. ఇంధనం మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. నూనె బాగా కాగితేనే ఆ నీరు బయటికి పోతుంది. నేల మీద పది నిమిషాల్లో నూనె అంతగా కాగదు. నీరు లోపలే మిగులుతుంది. అందుకే 30 రోజులు దాటకుండా, కనీసం ఒక గంట ఏకధాటిగా, నూనె వేడి 74 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేలా ఎగరాలని లైకమింగ్ చెబుతుంది. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లలో, సముద్రతీరంలో ఆ 30 రోజులు కూడా ఎక్కువే.

ఉద్యోగం, పిల్లల సాకర్, పండగలు, మధ్యలో హైదరాబాద్ ప్రయాణం ఉన్న మనిషి ప్రతి రెండు మూడు వారాలకూ ఎగరగలడా? మొదటి ఏడాది ఎగురుతాడు. రెండో ఏడాది మానతాడు. ఇద్దరుంటే ఒకరు ఊళ్లో లేనప్పుడు రెండోవారు ఎగురుతారు. ఇంజిన్ ఎండిపోదు. భాగస్వామ్యం అంటే ఖర్చు సగం కావడమేనని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది రెండో లాభం. విమానం ఖాళీగా ఉండకపోవడం మొదటి లాభం. కాబట్టి డబ్బు మాత్రం ఇచ్చి ఎగరని భాగస్వామి కంటే, మీలాగే గంటలు కూడబెట్టుకోవాలనుకునే భాగస్వామి మంచివాడు.

ఖర్చు లెక్క కూడా వేద్దాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలే. మీ ఊరి ధరలు వేసుకోండి. హ్యాంగర్ అద్దె నెలకు 400 డాలర్లు, అంటే ఏడాదికి 4800. బీమా 1800. వార్షిక తనిఖీ 2400. మొత్తం 9000. విమానం కదిలినా కదలకపోయినా ఈ డబ్బు పోతుంది. ఏడాదికి 50 గంటలు ఎగిరే ఒంటరి యజమానికి గంటకు 180 డాలర్లు పడుతుంది. ఇద్దరూ చెరో 50 ఎగిరితే 90. దీని మీద పెట్రోలు: గంటకు ఎనిమిదిన్నర గ్యాలన్లు, గ్యాలన్ 6 డాలర్లు అనుకుంటే 51. ఇంకా ఇంజిన్ నిధి (వచ్చే ఓవర్‌హాల్ కోసం గంటకింతని పక్కన పెట్టే డబ్బు). ఓవర్‌హాల్ 40 వేలు, జీవితం 2000 గంటలు అనుకుంటే గంటకు 20. ఒంటరివాడికి గంటకు 251, జంటకు 161.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. గంటకు 20 అన్నది ఇంజిన్ కొత్తగా ఉన్నప్పుడు మొదలుపెట్టినవాడి లెక్క. మీరు కొన్నది ఇప్పటికే 1500 గంటలు నడిచిన ఇంజిన్. మిగిలింది 500 గంటలు. గంటకు 20 చొప్పున దాస్తే పోగయ్యేది 10 వేలు. కావలసింది 40 వేలు. మిగతా 30 వేలు ఎవరిస్తారు? ఆ 1500 గంటల అరుగుదల పాత యజమాని వాడుకున్నది. ఆ మేరకు కొనే ధర తగ్గి ఉండాలి. తగ్గిన ఆ డబ్బును కొన్నరోజే ఇంజిన్ నిధిలో వేసి తాళం పెట్టాలి. లేదంటే గంటకు 80 చొప్పున దాయాలి. ఈ రెండూ చేయని జంట ఏదో ఒకరోజు ఒకేసారి చెరో 15 వేల డాలర్లు తేవలసి వస్తుంది. ఒకరి దగ్గర ఉంటుంది, ఇంకొకరి దగ్గర ఉండదు. భాగస్వామ్యం బెడిసికొట్టడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఖర్చులను పంచుకునే పద్ధతి కూడా సూటిగా ఉండాలి. కదలకపోయినా పోయే ఖర్చు సమానంగా, పై లెక్కలో నెలకు చెరో 375 డాలర్లు, ఉమ్మడి బ్యాంకు ఖాతాలోకి. ఎగిరితే పోయే ఖర్చు ఎవరి గంటలకు వాళ్లు. అన్నీ గంటల మీదే వేస్తే, ఎగరడం మానేసినవాడు ఏమీ కట్టకుండా సగం హక్కు ఉంచుకుంటాడు. అన్నీ సమానంగా వేస్తే, తక్కువ ఎగిరేవాడు ఎక్కువ ఎగిరేవాడి పెట్రోలుకు డబ్బిస్తాడు. విమానంలో గంటలు చూపే మీటర్లు రెండుండవచ్చు. ఒకటి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగిందో దాన్నిబట్టి లెక్కిస్తుంది కాబట్టి నేల మీద నెమ్మదిగా వెళ్లేటప్పుడు తక్కువ చూపుతుంది. ఇంకొకటి గడియారంలా నడుస్తుంది. ఏ మీటరు ప్రకారమో ముందే రాసుకోవాలి.

కొనేముందు తనిఖీ గురించి ఒక మాట. దీనికి ఎఫ్‌ఏఏ నిర్వచనమేమీ లేదు. ఏం చూడాలో మీరే మెకానిక్‌కు చెప్పాలి. ఆ మెకానిక్ ఇన్నాళ్లూ ఆ విమానాన్ని చూస్తున్నవాడు కాకూడదు. ప్రతి సిలిండర్‌లోకి 80 పౌండ్ల పీడనంతో గాలి పంపి ఎంత నిలుస్తుందో చూస్తారు. 74/80 లాంటి అంకెలు అవే. సన్నని కెమెరా దించి కవాటాల రంగు చూస్తారు. అన్నిటికంటే నాకు నమ్మకమైన పరీక్ష ఆయిల్ ఫిల్టర్‌ను కోయడం. డబ్బాను గుండ్రంగా కోసి, లోపలి మడతల కాగితాన్ని బయటికి తీసి, తెల్లటి బల్ల మీద పరిచి, వెలుతురులో అటూ ఇటూ వంచుతారు. మెరుపు కనబడితే అయస్కాంతం పెడతారు. అంటుకుంటే ఉక్కు. క్యామ్‌షాఫ్ట్ చెడుతోందేమోనని అప్పుడు ఆలోచించాలి.

ఆ తర్వాత లాగ్‌బుక్‌లు. విమానానికి, ఇంజిన్‌కు, ప్రొపెల్లర్‌కు వేరువేరుగా ఉంటాయి. మొదటి రోజు నుంచి ఉన్నాయా, మధ్యలో ఏళ్లకు ఏళ్లు ఖాళీగా ఉన్నాయా అని కూర్చుని చదవాలి. పెద్ద మరమ్మతు జరిగితే దాని ఫారం 337 ప్రతి ఎఫ్‌ఏఏ దగ్గర ఉంటుంది. ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీ నుంచి ఆ విమానం రికార్డులు తెప్పించుకోవచ్చు. విమానం మీద అప్పు ఉందా, తాకట్టు తీరిందా అన్నదీ అక్కడే తెలుస్తుంది. రికార్డులో రెక్క మార్చినట్టు ఉండి, లాగ్‌బుక్‌లో ఆ ఊసే లేకపోతే, బేరం ఎంత బాగున్నా లేచి వచ్చేయండి.

మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించవలసింది రిజిస్ట్రేషన్. డాలస్, బే ఏరియా, అట్లాంటాలో శని ఆదివారాలు విమానం నడపడం నేర్చుకునే ఇంజినీర్లలో హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లూ ఉంటారు. నేర్చుకోవడానికి వీసా అడ్డు కాదు. రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి తీసుకోవాలి, అంతే. విమానాన్ని తన పేర రిజిస్టర్ చేయించుకోవడానికి మాత్రం ఆ వ్యక్తి అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి ఉండాలి. ఇద్దరు సహయజమానులలో ఒక్కరికి ఈ అర్హత లేకపోయినా రిజిస్ట్రేషన్ చెల్లదు. రిజిస్ట్రేషన్ లేని విమానం ఎగరకూడదు. స్నేహితుడి పేర పెట్టి మన డబ్బు పోసే ఏర్పాటు ఇక్కడ పనికిరాదు. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట అడిగేది యజమాని ఎవరనే.

ఇంకో మెలిక. ఒకరు పౌరుడు, మరొకరు గ్రీన్‌కార్డుదారు అయితే వ్యక్తులుగా, సహయజమానులుగా నమోదు చేసుకోవచ్చు. అదే ఇద్దరూ చెరిసగం వాటాతో ఎల్ఎల్‌సీ (యజమానుల బాధ్యతను పరిమితం చేసే చిన్న కంపెనీ) పెట్టి దాని పేర కొంటే చిక్కు వస్తుంది. అమెరికా పౌర సంస్థగా లెక్కకు రావాలంటే ఓటు హక్కులో కనీసం 75 శాతం పౌరుల చేతిలో ఉండాలి. చెరిసగంలో అది 50 శాతమే. దీనికి వేరే దారులున్నాయి గానీ అవి విమానయాన లాయరుతో కూర్చుని చూసుకోవలసినవి. రిజిస్ట్రేషన్ రుసుము 5 డాలర్లే. తప్పుగా చేయించుకుంటే పోయేది మొత్తం విమానం విలువ.

ఇక ఒప్పందం. పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని సామెత. ఇద్దరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాకుండా పోతుంది. ఆయిల్ మార్చింది నువ్వనుకున్నానంటే నువ్వనుకున్నానని ఇద్దరూ అంటారు. అందుకే ఒకరిని నిర్వహణ బాధ్యుడిగా, మరొకరిని లెక్కల బాధ్యుడిగా పేరు పెట్టి రాసుకోవాలి. ఏడాదికోసారి మార్చుకోవచ్చు. పైలట్ లైసెన్స్ ఉన్న యజమాని ఆయిల్ మార్చడం, స్పార్క్‌ప్లగ్‌లు శుభ్రం చేయడం లాంటి పనులు తానే చేసి లాగ్‌బుక్‌లో రాసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. ఇద్దరూ నెలకో శనివారం కలిసి ఆ పని చేస్తే ఖర్చు తగ్గడమే కాదు, విమానం గురించి ఇద్దరికీ ఒకేలా తెలుస్తుంది.

మరమ్మతులను రెండుగా విడగొట్టాలి. ఎగరడానికి తప్పనిసరి అయిన మరమ్మతుకు ఓటు లేదు. బిల్లు వస్తే ఇద్దరూ కట్టాలి. కొత్త జీపీఎస్, కొత్త రంగు లాంటివి ఇద్దరూ ఒప్పుకుంటేనే. బీమా పాలసీలో ఇద్దరి పేర్లూ ఉండాలి. పాలసీలో చెప్పిన గంటలు, శిక్షణ ఒక్కరికి లేకపోయినా ఆయన నడిపిన రోజున ఇద్దరి ఆస్తీ రక్షణ లేకుండా ఎగురుతున్నట్టే. ప్రమాదంలో బీమా కట్టని తొలి మొత్తం నడుపుతున్నవాడే భరించాలన్నది మామూలు పద్ధతి.

ఒప్పందంలో రాయగలిగినా కాగితం కాపాడలేని విషయం ఒకటుంది. 172ను గట్టిగా, ముందు చక్రం మీద దింపితే ఆ దెబ్బ ఇంజిన్ వెనక ఉన్న ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే లోహపు గోడ) మీద పడుతుంది. రేకు ముడతపడుతుంది. బయటినుంచి చూస్తే ఏమీ కనబడదు. ఆ సాయంత్రం మీ భాగస్వామి ఫోన్ చేసి, “అన్నా, ఇవాళ గట్టిగా దించాను. మెకానిక్ చూసేదాకా ఎగరొద్దు” అని చెప్పాలి. చెప్పకుండా తుడిచి, కవరు కప్పి వెళ్లిపోతే, మర్నాడు ఉదయం మీ పిల్లలను ఎక్కించుకుని ఎగిరేది మీరు. అందుకే భాగస్వామిని ఎంచుకునేటప్పుడు ఆదాయం కంటే ముందు ఇది చూడండి: తన తప్పును తానే ముందుగా చెప్పే మనిషా? రెండు మూడుసార్లు అద్దె విమానంలో కలిసి ఎగిరితే తెలిసిపోతుంది.

చివరగా విడిపోవడం. ఉద్యోగం సియాటిల్‌కు మారవచ్చు. ఆరోగ్య పరీక్షలో పైలట్ అర్హత పోవచ్చు. మరణించవచ్చు, అప్పుడు సగం వాటా విమానం నడపడం రాని కుటుంబానికి వెళుతుంది. సహయజమానుల విమానాన్ని అమ్మాలంటే అమ్మకపు పత్రం మీద అందరి సంతకాలూ కావాలి. ఒకరు కదలకపోతే రెండోవారు ఏమీ చేయలేరు. కాబట్టి వాటాను బయటివాళ్లకు అమ్మేముందు భాగస్వామికి చూపాలని, ధర ఎవరు ఎలా కట్టాలో, ఎన్ని రోజుల్లో డబ్బు ఇవ్వాలో రాసుకోవాలి. ధర మీద ఏకాభిప్రాయం లేకపోతే మన ఊళ్లలో అన్నదమ్ముల పంపకాల పద్ధతే పనిచేస్తుంది. పెద్దవాడు పంచితే చిన్నవాడు కోరుకుంటాడు. విడిపోదలచినవాడు ధర చెబుతాడు; ఆ ధరకు కొనాలో, అదే ధరకు తన వాటా అమ్మాలో రెండోవాడు ఎంచుకుంటాడు. ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా చెప్పినవాడికే నష్టం కాబట్టి న్యాయమైన ధరే బయటికి వస్తుంది.

ఈ లెక్కలన్నీ ఇప్పుడే ఎందుకంటే రెండు మార్పులు నడుస్తున్నాయి. 2025 అక్టోబరు నుంచి స్పోర్ట్ పైలట్ లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా 172 లాంటి విమానాలు నడిపేలా ఎఫ్‌ఏఏ నిబంధన మార్చింది. కొనేవాళ్లు పెరిగే అవకాశం ఉంది. మరోపక్క ఈ ఇంజిన్‌లు తాగే పెట్రోలులో సీసం ఉంది. 2030 చివరికల్లా సీసం లేని ఇంధనానికి మారాలన్నది అమెరికా ప్రభుత్వ, పరిశ్రమల లక్ష్యం. మీరు చూస్తున్న విమానం ఇంజిన్‌కు, ట్యాంకులకు ఏ కొత్త ఇంధనం అనుమతి పొందిందో మెకానిక్‌ను ఇప్పుడే అడగండి.

మీరిద్దరూ కలిపి ఏడాదికి 70, 80 గంటలైనా ఎగరలేమనుకుంటే కొనకండి, అద్దెకు తీసుకోండి. ఎగరగలమనుకుంటే ముందు ఒక సాయంత్రం కూర్చుని విడిపోయే షరతులు రాసుకోండి. దాని మీద ఇద్దరి సంతకాలూ పడ్డాకే అమ్మేవాడికి ఫోన్ చేయండి.